జీరో విమానం ప్లాస్టిక్ కిట్: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ నౌకాదళం వాడిన మిత్సుబిషి జీరోని కిట్‌గా కట్టేవాళ్లందరికీ దాదాపు ఇవే సందేహాలు వస్తాయి. నాకూ వచ్చాయి. ఇప్పటిదాకా నాలుగు జీరోలు కట్టాను. వాటిలో చేసిన తప్పులు, నేర్చుకున్న విషయాలు కలిపి ఈ జవాబులు రాశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పాలి. రంగు సీసా మూత తీసే ముందే మీరు కట్టేది ఏ విమానమో తేల్చుకోండి. ఏ ఓడది, తోక మీద ఏ నంబరు, ఏ సంవత్సరం అన్నది తెలియాలి. అది తేలితే రంగు, గుర్తులు, ఎంత పాతగా కనిపించాలి అన్నవి వాటంతట అవే తేలిపోతాయి. అది తేల్చుకోకపోతే ప్రతి మెట్టు దగ్గరా టెన్షనే.

## కొనే ముందు

పెట్టె మీద మోడల్ 21, 32, 52 అని ఉంటోంది. ఏంటి తేడా? ఏది కొనాలి?

మూడూ జీరోలే, తయారైన కాలం వేరు. మోడల్ 21 (ఏ6ఎం2) యుద్ధం మొదట్లోది. 1941 డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీదికి వెళ్లింది ఇదే. రెక్కల కొసలు గుండ్రంగా ఉంటాయి, రెక్కల మొత్తం వెడల్పు 12 మీటర్లు. మోడల్ 32కి ఆ కొసలు తీసేశారు కాబట్టి రెక్క చివర చతురస్రంగా కోసినట్టు కనిపిస్తుంది, వెడల్పు 11 మీటర్లు. మోడల్ 52 1943లో వచ్చింది. వెడల్పు 11 మీటర్లే గానీ కొసలు మళ్లీ గుండ్రం చేశారు. ఇంజిన్ కవర్ వెనక చిన్న చిన్న పొగ గొట్టాలు విడివిడిగా బయటికి కనిపిస్తే అది 52 అని వెంటనే చెప్పేయొచ్చు.

మొదటి కిట్‌కి నేను 21నే చెబుతాను. దాదాపు అంతా ఒకే రంగు, రెండు రంగుల మధ్య గీత గీసే పని లేదు.

జీరో అన్న పేరు ఎందుకు వచ్చింది?

జపాన్ పాత సాంప్రదాయిక లెక్కలో 1940వ సంవత్సరం 2600 అవుతుంది. చివరి అంకె సున్నా కాబట్టి ఆ ఏడాది నౌకాదళంలో చేరిన ఈ విమానానికి 'రకం 0' అని పేరు పెట్టారు. అమెరికన్లు తమ రహస్య పేర్ల పట్టికలో దీన్ని 'జీక్' అన్నారు. కొన్ని కిట్ల పెట్టెల మీద ఆ పేరు కూడా కనిపిస్తుంది, రెండూ ఒకటే.

1/72 కొనాలా, 1/48 కొనాలా?

1/72 అంటే అసలు విమానంలో 72వ వంతు సైజు. ముందు అది చూసుకోండి. మోడల్ 21 అయితే 1/72లో రెక్కల వెడల్పు దాదాపు 16.7 సెంటీమీటర్లు, అరచేతిలో పడుతుంది. 1/48లో సరిగ్గా 25 సెంటీమీటర్లు. 1/32లో 37.5 సెంటీమీటర్లు, దానికి అల్మారాలో ఒక అర మొత్తం ఖాళీ చేయాలి.

కళ్లకూ చేతులకూ సుఖం 1/48. కాక్‌పిట్‌లో మీటర్లు కనిపిస్తాయి, సీటు బెల్టులు పెట్టుకోవచ్చు. 1/72 చవక, తొందరగా పూర్తవుతుంది, కానీ చిన్న ముక్కలు పట్టకారులోంచి ఎగిరి సోఫా కిందికి పోతాయి. డబ్బు ఇబ్బంది లేకపోతే 1/48తో మొదలుపెట్టండి.

ఏ కంపెనీ కిట్ తీసుకోవాలి?

జపాన్‌లోని షిజువోకా ప్రాంతానికి చెందిన తమియా, హసెగావా రెండూ జీరోని చాలా ఏళ్లుగా చేస్తున్నాయి. తమియా కొత్త అచ్చుల్లో ముక్కలు ఒకదానిలో ఒకటి చక్కగా కూర్చుంటాయి, కొత్తవాళ్లకు అదే మేలు. అయితే తమియాకే 1970ల నాటి పాత అచ్చు కూడా ఉంది, రెండిటికీ చాలా తేడా. కొనే ముందు అది ఏ ఏడాది అచ్చో కనుక్కోండి. చెక్ దేశపు ఎడ్వార్డ్ 1/48 మోడల్ 21లో వివరాలు అద్భుతంగా ఉంటాయి. కానీ చిన్న ముక్కలు ఎక్కువ, ఓపిక కావాలి. బ్రిటన్ ఎయిర్‌ఫిక్స్ వాళ్ల 1/72 కిట్ చవక, నేర్చుకోవడానికి బాగుంటుంది.

వైజాగ్ మీద బాంబులు వేసింది ఈ విమానమేనా?

కాదు. మనవాళ్లు చాలామంది ఇలాగే అనుకుంటారు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద దాడి చేసినవి ర్యూజో అనే చిన్న విమానవాహక నౌక నుంచి వచ్చిన బాంబర్లు. జీరో ఫైటర్. దాని పని బాంబర్లకు కాపలా కాయడం, ఎదురొచ్చిన విమానాలతో పోరాడడం.

కానీ ఆ వారంలోనే జీరోలు మనకు బాగా దగ్గరికి వచ్చాయి. అడ్మిరల్ నగుమో నడిపిన పెద్ద నౌకల దండు ఏప్రిల్ 5న కొలంబో మీద, 9న ట్రింకోమలీ మీద దాడి చేసింది. అందులో అకాగి, సోర్యు, హిర్యు, షోకాకు, జుయికాకు ఉన్నాయి. ఆ రోజుల్ని గుర్తుచేసే మోడల్ కట్టాలనుకుంటే ఈ అయిదు ఓడల్లో ఒకదాని గుర్తులు వేయండి. కాగా గుర్తులు మాత్రం వేయకండి, ఆ ఓడ అప్పుడు మరమ్మతుకు జపాన్ వెళ్లింది. విశాఖ మ్యూజియంలో ఆ దాడి నాటి జపాన్ బాంబు ఒకటి ఉంది. కిట్ మొదలుపెట్టే ముందు దాన్ని ఒకసారి చూసి రండి. చేతిలో ఉన్నది ఏ కాలపు వస్తువో మనసుకు పడుతుంది.

ఆత్మాహుతి దాడులు చేసిన విమానం ఇదేనా? పిల్లలతో కట్టించొచ్చా?

1944 అక్టోబరులో ఫిలిప్పీన్స్ దగ్గర కామికాజే దాడులు మొదలైనప్పుడు బాంబులు కట్టుకుని వెళ్లిన విమానాల్లో జీరోలు ఉన్నాయి, నిజమే. పిల్లలు అడిగితే దాచకుండా చెప్పండి. ఇరవై ఏళ్ల కుర్రాళ్లని తిరిగిరాని ప్రయాణానికి పంపారని చెబితే పదేళ్ల పిల్లలకూ అర్థమవుతుంది. కట్టడం విషయానికొస్తే పదేళ్లు దాటిన పిల్లలు పెద్దవాళ్ల పక్కన కూర్చుని కట్టొచ్చు. బ్లేడు, గమ్ సీసా మాత్రం మీ చేతిలో ఉండాలి.

మొదటిసారి కడుతున్నాను. ఏమేం సామాన్లు కావాలి?

ప్లాస్టిక్ కోసే సన్నని నిప్పర్, పదునైన క్రాఫ్ట్ నైఫ్, 400, 800, 1000 నంబర్ల ఎమరీ పేపర్, పట్టకారు, పల్చటి ప్లాస్టిక్ సిమెంట్, మాస్కింగ్ టేప్, రెండు మూడు మంచి బ్రష్‌లు. ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ మొదటి కిట్‌కి అక్కర్లేదు. గాలి ఆడే గది మాత్రం తప్పనిసరి. గమ్, థిన్నర్ ఆవిర్లు మూసిన గదిలో పీలిస్తే తలనొప్పి ఖాయం.

## కత్తిరించడం, అతికించడం

ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేమ్ నుంచి ముక్క కోస్తే అక్కడ తెల్లగా మచ్చ పడుతోంది. ఎందుకు?

ముక్కకు ఆనించి ఒకేసారి కోస్తున్నారు. నిప్పర్ ఒత్తిడికి ప్లాస్టిక్ సాగి తెల్లబడుతుంది. మొదట రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి కోయండి. మిగిలిన కొసని బ్లేడుతో పల్చగా చెక్కి, 400తో మొదలుపెట్టి 1000 దాకా ఎమరీ పేపర్‌తో రుద్దండి. పడిన మచ్చ రంగు వేస్తే మామూలుగా కనబడదు. అద్దపు ముక్కల మీద పడితే మాత్రం పోదు.

ఫెవిక్విక్‌తో మొత్తం అతికించేయొచ్చా?

వద్దు. ప్లాస్టిక్ సిమెంట్ రెండు ముక్కల్నీ కాస్త కరిగించి ఒక్కటి చేస్తుంది, ఆరాక అది అతుకు కాదు, వెల్డింగ్. ఫెవిక్విక్ పైపైన పట్టుకుంటుంది, సర్దుకునే సమయం ఇవ్వదు, కింద పడితే అతుకు టక్కున ఊడుతుంది. లోహపు ముక్కలకూ రెసిన్ ముక్కలకూ మాత్రం అదే వాడాలి, వాటి మీద సిమెంట్ పనిచేయదు.

పల్చటి సిమెంట్‌ని ముందే పూయకూడదు. రెండు ముక్కల్నీ కలిపి పట్టుకుని, అతుకు గీత మీద బ్రష్ కొస ఆనిస్తే చాలు, సిమెంట్ తనే సందులోకి పాకుతుంది. ఆ సందు మీద మీ వేలు ఉండకుండా చూసుకోండి. వేలి కిందికి పాకిందంటే మీ వేలిముద్ర రెక్క మీద శాశ్వతంగా ఉండిపోతుంది. నా మొదటి జీరో ఎడమ రెక్క మీద ఉంది.

కాక్‌పిట్‌కి ముందే రంగు వేయాలా? ఏ ఆకుపచ్చ?

ముందే వేయాలి. బాడీ రెండు సగాలూ మూసేశాక బ్రష్ లోపలికి పోదు. మిత్సుబిషి ఫ్యాక్టరీ జీరోలకు లోపల పసుపు కలిసిన ఆకుపచ్చ ఉండేది. తమియా ఎక్స్‌ఎఫ్-71 అనే రంగు అచ్చంగా దీనికోసమే అమ్ముతారు. జీరోలు కట్టిన మరో కంపెనీ నకజిమా. వాళ్ల ఫ్యాక్టరీలో కట్టిన వాటిలో పచ్చ కాస్త వేరు. మీటర్ల పలక నలుపు.

ఇక్కడ సీటు గురించి చెప్పకుండా ఉండలేను. సీటు వీపు భాగంలో వరసగా గుంటలు కనిపిస్తాయి. అసలు విమానంలో అవి నిజమైన రంధ్రాలు. డిజైనర్ జిరో హోరికోషి బృందం ప్రతి గ్రాము బరువూ లెక్కపెట్టింది. ఇంజిన్ శక్తి 940 హార్స్‌పవరే, అడిగింది మాత్రం చాలా దూరం వెళ్లే, చురుగ్గా తిరిగే విమానం. అందుకే లోపలి భాగాలకు ఎక్కడ వీలైతే అక్కడ రంధ్రాలు వేశారు. పైలట్ వెనక ఉక్కు పలక పెట్టలేదు, తూటా తగిలితే తనంతట తాను మూసుకునే పెట్రోలు ట్యాంకు పెట్టలేదు. మొదట్లో ఈ విమానం గెలవడానికీ తర్వాత సులువుగా అంటుకుని కాలిపోవడానికీ కారణం ఒకటే. ఆ గుంటల్లో ముదురు గోధుమ రంగు చుక్క పెట్టండి. మూత మూశాక కూడా కనిపిస్తాయి.

రెక్కకీ బాడీకీ మధ్య సందు వస్తోంది. పుట్టీ పెట్టేయాలా?

పుట్టీ ఆఖరి మార్గం. ముందు గమ్ లేకుండా పెట్టి చూడండి. చాలాసార్లు లోపల కోసిన కొస మిగిలిపోయి సందు వస్తుంది, లేదా కాక్‌పిట్ గది కింది భాగం రెక్కని ఆపుతుంది. దాన్ని రుద్దితే సందు పోతుంది. అప్పటికీ ఉంటే ఒక రెక్క కొస నుంచి రెండో రెక్క కొసకి పైనుంచి టేప్ లాగి కట్టండి. జీరో రెక్కలు ముందు నుంచి చూస్తే కాస్త పైకి లేచి ఉంటాయి. ఆ కోణమూ నిలుస్తుంది, పై సందూ మూసుకుంటుంది. అలాగే ఉంచి సిమెంట్ పెట్టి రాత్రంతా వదిలేయండి.

రెక్క కొసలు మడిచి పెట్టమని ఇచ్చారు. మడవాలా?

మీ ఇష్టం. మోడల్ 21కి ఓడ లిఫ్టులో పట్టడం కోసం ఒక్కో కొస అర మీటరు మేర పైకి మడిచేవారు. విమానం ఓడ మీద నిలిపి ఉన్నట్టు చూపిస్తే మడత బాగుంటుంది. ఎగురుతున్నట్టు స్టాండ్ మీద పెడితే మాత్రం తప్పు.

పైలట్ అద్దం మసకబారింది. బాగవుతుందా?

ఫెవిక్విక్ ఆవిరి వల్ల అయితే అద్దాన్ని సన్నని పాలిషింగ్ పేస్టుతో మెత్తటి గుడ్డ పెట్టి రుద్దండి, చాలావరకు పోతుంది. సిమెంట్ నేరుగా పడి కరిగితే మాత్రం కష్టం. అద్దాన్ని అతికించడానికి మామూలు తెల్ల ఫెవికాల్ వాడండి. ఆరాక కనిపించదు, ఎక్కువైతే తడి గుడ్డతో తుడిచేయొచ్చు. జీరో అద్దానికి సన్నని చట్రాలు చాలా ఉంటాయి. కాబట్టి అద్దం మీద రంగు పడకుండా అంటించే, ముందే కత్తిరించిన మాస్కులు దొరికితే కొనుక్కోండి, ఈ కిట్‌లో ఖర్చుకి తగిన ఫలితం ఇచ్చేది అదొక్కటే.

## రంగు

జీరో అసలు రంగు ఏది? ఒకచోట తెలుపు, ఒకచోట బూడిద, ఒకచోట పచ్చ ఉంటోంది.

కాలాన్ని బట్టి మారుతుంది. యుద్ధం మొదట్లో విమానమంతా ఒకటే రంగు. పాత నలుపు-తెలుపు ఫొటోల్లో అది తెల్లగా కనిపిస్తుంది, పాత బొమ్మల్లోనూ తెల్లగానే వేశారు. కూలిపోయిన విమానాల ముక్కలు చూస్తే మాత్రం అది పసుపు, పచ్చ ఛాయలు కలిసిన బూడిద రంగు. జపనీస్‌లో 'అమేయిరో' అంటే మిఠాయి రంగు అన్న మాట దీనికే వాడతారు. ఎండకీ ఉప్పుగాలికీ పైపొర సుద్దలా మారి తేలిక బూడిదగా కనబడేది. గొడవంతా అక్కడ పుట్టింది. తమియా ఎక్స్‌ఎఫ్-76 దీనికి బాగా సరిపోతుంది. రెక్క కొసల వైపు కదిలే భాగాలకు, తోక చుక్కానికి లోహం కాకుండా గుడ్డ చుట్టారు, కాబట్టి అక్కడ రంగు కాస్త తేడాగా ఉండేది. అదే రంగులో ఒక చుక్క తెలుపు కలిపి ఆ భాగాలకు వేస్తే విమానానికి ప్రాణం వస్తుంది.

1942 చివర్లో దక్షిణ పసిఫిక్ దీవుల్లో ఉన్న దళాలు తమంతట తామే పైన ఆకుపచ్చ పూయడం మొదలుపెట్టాయి. 1943 నుంచి ఫ్యాక్టరీలోనే పైన ముదురు పచ్చ, కింద బూడిద వేశారు. మోడల్ 52 కడితే రెండు రంగుల మధ్య గీత ఎక్కడికి పోతుందో చూడండి. మిత్సుబిషి వాటికి ఆ గీత నేరుగా తోక దాకా సాగుతుంది. నకజిమా వాటికి తోక దగ్గర అడ్డ రెక్క వైపు వంపు తిరిగి పైకి పోతుంది.

ఇంజిన్ కవర్ నలుపేనా? ప్రొపెల్లర్‌కి ఏ రంగు?

నీలం కలిసిన నలుపు. నలుపులో కొద్దిగా నీలం కలిపి, సగం మెరుపుతో వేయండి. తొలి విమానాల ప్రొపెల్లర్ ముందువైపు మెరిసే లోహం, కొసల దగ్గర రెండు ఎర్ర గీతలు, వెనకవైపు ముదురు గోధుమ. తర్వాతి వాటికి మొత్తం గోధుమ రంగే.

సూచనల్లో 'ఆవోతాకె' అని ఉంది. అదేం రంగు?

మాటకి అర్థం లేత పచ్చ వెదురు. లోహం తుప్పు పట్టకుండా లోపలి భాగాలకు పూసిన పారదర్శకమైన నీలి-పచ్చ లక్క అది. ముందు వెండి రంగు వేసి, ఆరాక పైన పారదర్శక నీలం, పచ్చ కలిపి పల్చగా పూయండి. ప్రతిచోటా వేయకండి. మిత్సుబిషి కట్టిన తొలి జీరోల్లో చక్రాల గదులకు బయటి బూడిద రంగే ఉండేది.

బ్రష్‌తో వేస్తే గీతలు పడుతున్నాయి.

రంగు చిక్కగా ఉంది, లేదా ఆరకముందే రెండోసారి దిద్దుతున్నారు. వెడల్పాటి మెత్తటి బ్రష్ తీసుకుని, రంగుని పాలంత పల్చగా కలపండి. మొదటి పూత మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది, కంగారుపడకండి. పూర్తిగా ఆరాక రెండోది అడ్డంగా, మూడోది నిలువుగా. తమియా అక్రిలిక్ స్ప్రేకి బాగుంటుంది గానీ బ్రష్ కింద తొందరగా ఆరిపోయి జిగటగా లాగుతుంది. బ్రష్ పనికి వల్లేహో లాంటి నీటి రంగులు సులువు.

వర్షాకాలంలో వార్నిష్ కొడితే విమానమంతా తెల్లగా పొగలా అయింది!

స్ప్రేలోని ద్రావకం వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాల్లో తేమ అక్కడే నీరుగా పట్టి వార్నిష్‌లో ఇరుక్కుంటుంది. విశాఖ, చెన్నై లాంటి సముద్రపు ఊళ్లలో ఇది తరచూ జరుగుతుంది. గీకకండి. బాగా పొడిగా ఉన్న రోజు మధ్యాహ్నం అదే వార్నిష్ మరొక పల్చటి పూత వేస్తే మామూలుగా తేటబడుతుంది. ఏసీ గదిలో ఒక గంట ఉంచి కొడితే అసలు సమస్యే రాదు.

## గుర్తులు

ఎర్ర గుండ్రానికి చుట్టూ తెల్ల అంచు ఉండాలా?

మిత్సుబిషి కట్టిన తొలి బూడిద రంగు జీరోలకు ఉండదు. పెర్ల్ హార్బర్ విమానాలన్నీ ఆ రకమే. నకజిమా కట్టిన మోడల్ 21కి బాడీ పక్కన మాత్రం తెల్ల అంచు ఉండేది. పచ్చ రంగు వచ్చాక అంచు వచ్చింది, అయితే దూరం నుంచి కనబడిపోతోందని చాలాచోట్ల దాని మీద ముదురు రంగు పూశారు. ఒక తోక నంబరు తీసుకుని మరొక విమానం గుర్తులు కలపడం వల్లే ఇక్కడ తప్పులు దొర్లుతాయి.

బాడీ మీద అడ్డ గీతలు, తోక మీద అక్షరాలు ఏం చెబుతాయి?

ఏ ఓడదో చెబుతాయి. పెర్ల్ హార్బర్ నాటికి అకాగికి ఒక ఎర్ర గీత, కాగాకి రెండు ఎర్ర గీతలు. సోర్యుకి ఒక నీలం, హిర్యుకి రెండు నీలం. షోకాకుకి ఒక తెలుపు, జుయికాకుకి రెండు తెలుపు. చాలా కిట్లలో దొరికే ఏఐ-155 అకాగి నుంచి లేచిన షిగెరు ఇతాయా విమానం. పెర్ల్ హార్బర్ మొదటి విడత ఫైటర్లకు ఆయన నాయకుడు.

డెకాల్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తుల స్టిక్కర్) చుట్టూ వెండిలా మెరుస్తోంది.

గరుకైన రంగు మీద పెట్టారు, కింద గాలి ఇరుక్కుంది. గుర్తులు పెట్టే ముందు తప్పకుండా మెరిసే వార్నిష్ ఒక పూత వేసి బాగా ఆరనివ్వండి. ఇప్పటికే జరిగిపోతే సూదితో ఆ మెరుపు మీద నాలుగైదు చోట్ల పొడిచి, డెకాల్ మెత్తబరిచే ద్రవం రాయండి. ముడతలు పడుతుంది, ముట్టుకోకండి, ఆరేటప్పుడు తనే బిగుసుకుంటుంది. పాత కిట్ డెకాల్ పసుపెక్కితే కవర్లో పెట్టి ఎండ తగిలే కిటికీ అద్దానికి కొన్ని రోజులు అంటించండి, చాలావరకు తెల్లబడుతుంది.

## పాతగా చూపించడం

రంగు పెచ్చులూడినట్టు ఎంత చేయాలి?

చాలామంది చెడగొట్టేది ఇక్కడే. 1941 నాటి ఓడ మీది జీరోలు కొత్తవి, రంగు గట్టిగా పట్టి ఉండేది, సిబ్బంది రోజూ తుడిచేవారు. పెర్ల్ హార్బర్ జీరోకి వెండి మచ్చలు కొడితే అబద్ధం చెప్పినట్టే. రబౌల్ లాంటి దీవి స్థావరాల్లో ఎండకీ వానకీ బయట నిలబడిన పచ్చ జీరోల ఫొటోల్లో మాత్రం రంగు పలకలు పలకలుగా రాలిపోయి కనిపిస్తుంది. అలాంటిది కడితే వెండి రంగుని చిన్న స్పాంజి ముక్కకి అద్ది, కాగితం మీద దాదాపుగా తుడిచేసి, రెక్క ముందు అంచు, పైలట్ ఎక్కే చోటు, ఇంజిన్ కవర్ అంచుల మీద తట్టండి.

ప్యానెల్ గీతల్లో (రేకులు కలిసే చోటి సన్నని గాడుల్లో) నలుపు పోస్తే కార్టూన్‌లా కనిపిస్తోంది.

బూడిద విమానానికి నలుపు ఎక్కువ. గోధుమ-బూడిద కలిపిన ఎనామెల్ వాష్ (బాగా పల్చన చేసిన రంగు) వాడండి. కింద రంగు అక్రిలిక్ గానీ లాకర్ గానీ అయి ఉండాలి, ఎనామెల్ మీద ఎనామెల్ వేస్తే కరిగిపోతుంది. అరగంట ఆగి, ఇయర్‌బడ్‌కి థిన్నర్ తడి మాత్రం అద్ది, ముక్కు నుంచి తోక వైపు తుడవండి.

యాంటెన్నా తీగ దేనితో చేయాలి?

ఖాళీ ఫ్రేమ్ ముక్కని కొవ్వొత్తి మంటకు పైన, తగలకుండా తిప్పుతూ వేడిచేసి, మెత్తబడగానే బయటికి తీసి రెండు వైపులా లాగండి. వెంట్రుక లాంటి తీగ వస్తుంది. నాలుగైదుసార్లు తెగాక చేయి కుదురుతుంది. అయితే మీ విమానానికి తీగ ఉందో లేదో చూసుకోండి. దీవుల్లోని దళాలు రేడియో సరిగ్గా పనిచేయదని తీసేసి, బరువు తగ్గుతుందని ఆ చెక్క స్తంభాన్నే కోసేసిన విమానాలు చాలా ఉన్నాయి.

## పూర్తయ్యాక

ఎక్కడ పెట్టాలి? దుమ్ము ఎలా తుడవాలి?

అద్దాల అల్మారాలో, ఎండ నేరుగా పడని చోట. గుడ్డతో తుడిస్తే యాంటెన్నా పోతుంది. మేకప్‌కి వాడే మెత్తటి పెద్ద బ్రష్‌తో పైపైన దులపండి. ఎండలో నిలిపిన కారులో మాత్రం ఎప్పుడూ వదలకండి, రెక్కలు వంగిపోతాయి.

అసలు జీరోని ఎక్కడ చూడొచ్చు?

అమెరికాలో ఉన్న మనవాళ్లకు రెండు మంచి చోట్లున్నాయి. ఒహాయోలోని డేటన్‌లో వైమానిక దళ జాతీయ మ్యూజియంలో మోడల్ 21 ఉంది. కాలిఫోర్నియాలోని చీనోలో ప్లేన్స్ ఆఫ్ ఫేమ్ మ్యూజియం దగ్గర మోడల్ 52 ఉంది, అది నాటి సకాయె ఇంజిన్‌తోనే ఎగిరిన విమానం. ఆస్ట్రేలియాలో ఉంటే కాన్‌బెర్రా యుద్ధ స్మారక మ్యూజియంలోని వీ-173 చూడండి, పేరుమోసిన పైలట్ సబురో సకాయి నడిపిన జీరో అది. టోక్యో వెళితే యసుకుని ఆలయం పక్కనున్న యూషూకాన్ మ్యూజియంలో మోడల్ 52 ఉంది.

వెళ్లినప్పుడు ముందు నుంచి ఒకటే ఫొటో తీసి వచ్చేయకండి. వంగి చక్రాల గది, కాళ్ల మీది గొట్టాలు, ఇంజిన్ కవర్ లోపలి అంచు, ఫ్లాప్ మీద 'తొక్కవద్దు' అని రాసిన చిన్న ఎర్ర అక్షరాలు ఫొటో తీసుకోండి. ఒకటి గుర్తుంచుకోండి, మ్యూజియం విమానాలకు చాలావాటికి తర్వాత మళ్లీ రంగు వేశారు. ఆకారం కోసం వాటిని నమ్మండి, రంగు కోసం యుద్ధకాలపు ముక్కల్ని నమ్మండి.